పట్టు తగ్గిందా, జారుడు పెరిగిందా?

ఆంధ్రప్రదేశ్ ఉపాధి, శిక్షణ శాఖ సంచాలకుల వారికి బహిరంగ లేఖ

ఎర్రమంచి,
పెనుకొండ మండలం, శ్రీ సత్యసాయి జిల్లా.



ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన ఉపాధ్యాయుణ్ణి నేను. మా ఊరి పేరు చెప్పగానే ఇప్పుడు రాష్ట్రమంతా కార్లే తలుచుకుంటుంది. 2017 ఏప్రిల్‌లో కియా సంస్థతో ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. 536 ఎకరాల్లో కర్మాగారం లేచింది. 2019 డిసెంబరు 5న ప్రారంభోత్సవం జరిగింది. మొదలైనప్పుడే ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల కర్మాగారం అది. వానకోసం మొగులు వైపు చూసిన ఊళ్ళో ఇప్పుడు షిఫ్టు బస్సుకోసం రోడ్డు వైపు చూస్తున్నారు. అందుకు మాకు సంతోషమే.

ఈ జాబు మాత్రం కార్ల గురించి రాయడం లేదు. మా ఇంట్లో ఉన్న పాత బుల్లెట్‌కు క్లచ్ జారింది. ఆ జబ్బు ఏమిటో కనిపెట్టడానికి నాకు మూడు నెలలు, రెండు జతల ప్లేట్లు పట్టాయి. హిందూపురంలో ఒక మేస్త్రీకి ఒక్క పూట పట్టింది. ఆ పూట నేను చూసిన చదువు మీ ఐటీఐలలో చేరే పిల్లలకు అందాలన్న కోరికతో, అందులో మీ చేతిలో ఉన్నదేమిటో చెప్పడానికి మీకు రాస్తున్నాను.

బండి 1973 నాటిది. మా నాన్న 1984లో బెంగళూరులో సెకండ్‌హ్యాండ్‌కు కొన్నారు. మద్రాసు తిరువొత్తియూరులో తయారైన పోత ఇనుప ఇంజన్, గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన బండ్లకు వింటేజ్ గుర్తింపు ఇస్తారు, ఇరవై వేల రూపాయలు కడితే 'వీఏ' అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు వస్తుంది. నేను దానికి పోలేదు. ఆ నంబరుతో రోజువారీ పనులకు రోడ్డెక్కడం కుదరదు. పాత రిజిస్ట్రేషన్‌నే రెన్యువల్ చేయించుకుంటూ పెనుకొండ సంతకూ, హిందూపురం బెల్లం మండీకీ ఆ బండి మీదే పోతుంటాను.

రెండేళ్ళ కిందట ఎండాకాలంలో మొదలైంది ఈ తంటా. జాతీయ రహదారి మీద వంతెన ఎక్కుతుంటే ఇంజన్ శబ్దం ఒక్కసారిగా పెరిగింది, బండి వేగం మాత్రం పెరగలేదు. ఎక్సిలేటర్ తిప్పేకొద్దీ ఇంజన్ అరుస్తోంది, స్పీడు ముల్లు ఉన్నచోటే ఉంది. కొంచెం తగ్గిస్తే మళ్ళీ పట్టుకుంది. నాలుగు రోజులకు చదునైన దారిలో కూడా జారడం మొదలుపెట్టింది. దగ్గర్లోని ఒక షెడ్డుకు తీసుకుపోయాను. బండి మీద ఎక్కకుండానే, ఒక్క మాట అడగకుండానే "ప్లేట్లు పోయినాయి సార్" అన్నారు. కొత్త ప్లేట్లు వేశారు. వారం బాగుంది, మళ్ళీ జారింది. "డూప్లికేట్ మాల్ వచ్చింటాది" అని ఇంకో జత వేశారు, స్ప్రింగులు కూడా బిగించారు. క్లచ్ నొక్కితే చెయ్యి నొప్పి పుట్టేంత గట్టిపడింది. జారడం మాత్రం ఆగలేదు. ఆ షెడ్డులో పనిచేసే కుర్రవాళ్ళలో ఒకడు ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవాడు. వాడిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. విప్పడమూ బిగించడమూ వాడికి చక్కగా వచ్చు. విప్పడానికి ముందు ఏం చేయాలో వాడికి ఎవరూ చెప్పలేదు.

హిందూపురం మేస్త్రీకి డెబ్బై ఏళ్ళు దాటి ఉంటాయి. చదువు ఐదో తరగతి. బండి ఆపగానే స్పానర్ తీయలేదు. స్టూలు జరిపి నన్ను కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడిగాడు.

"సల్లగుండేటప్పుడు జారతాదా, కాగినాక జారతాదా సామీ?"

"ఏ గేర్లో ముందు జారింది?"

"జారేదానికి ముందు బండికి ఏం చేసినారు?"

మొదటి రెండింటికి చెప్పగలిగాను. కాగినాక ఎక్కువ జారుతోంది, ముందు జారింది టాప్ గేర్లో. మూడోదానికి "ఏమీ చేయలేదు" అన్నాను. ఆయన నవ్వి వదిలేశాడు. తర్వాత తెలిసింది, నేను చేసిన పని ఒకటి ఉందని.

ఆ ప్రశ్నల వెనక ఎంత ఆలోచన ఉందో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి నాకు వెంటనే తట్టింది. క్లచ్‌లో ఉన్నది ఘర్షణ. ఇంజన్‌తో తిరిగే ప్లేట్లు కొన్ని, గేర్‌బాక్సుతో తిరిగేవి కొన్ని, ఒకటి విడిచి ఒకటి పేర్చి స్ప్రింగులతో అదిమి ఉంచుతారు. అది మోయగల బలం రెండింటి మీద నిలుస్తుంది. ఒకటి, ప్లేట్లను ఎంత గట్టిగా అదిమారన్నది. రెండోది, వాటి ముఖాల మధ్య ఎంత ఘర్షణ ఉందన్నది. బోర్డు మీద ఇది ఒక చిన్న గుణకారం. మేస్త్రీ దాన్నే తన మాటల్లో చెప్పాడు: "పట్టు తగ్గిందా, జారుడు పెరిగిందా, ముందర అది తేల్చుకోవాల." ఇన్నేళ్ళు నేను చెప్పిన ఘర్షణ పాఠంలో ఇంత తేటైన వాక్యం ఒక్కటీ లేదు.

చిన్న గేర్లలో బండి సులువుగా ముందుకు దూకుతుంది, ఇంజన్ బలమంతా క్లచ్ మీద ఎక్కువసేపు నిలవదు. టాప్ గేర్లో ఎత్తు ఎక్కుతుంటే పూర్తి భారం దానిమీద నిలబడుతుంది. అందుకే నీరసపడిన క్లచ్ ముందు అక్కడ దొరికిపోతుంది. కాగినాక జారుతోందంటే వేడితో మారేది ఏదో కారణమై ఉండాలి. నూనె పలచబడుతుంది, లోహపు కడ్డీలు సాగుతాయి, ఉన్న కాస్త సందు మూసుకుపోతుంది. చల్లగా ఉన్నప్పుడూ వేడిగా ఉన్నప్పుడూ ఒకేలా జారితే ప్లేట్లు అరిగాయనో స్ప్రింగులు నీరసించాయనో అనుమానించవచ్చు. మూడో ప్రశ్న డాక్టరు దగ్గర రోగి చెప్పే చరిత్ర లాంటిది.

తర్వాత ఆయన బండి ఎక్కి సందు చివరిదాకా పోయి వచ్చాడు. అసలు జారేది క్లచ్చేనా అన్న సంగతి ముందు తేల్చుకున్నాడు. ఇది చాలామంది వదిలేసే మెట్టు. బండి లాగడం లేదని వచ్చే ప్రతి బండికీ క్లచ్ జబ్బు ఉండదు. ఇంజన్‌లో కంప్రెషన్ తగ్గినా, కార్బొరేటర్‌లో చెత్త అడ్డుపడినా బండి లాగదు. అప్పుడు ఇంజన్ శబ్దం కూడా ఊపిరాడనట్టు కిందికి పడుతుంది. క్లచ్ జారితే శబ్దం పైకి పోతుంది, బండి కదలదు. చైన్ పళ్ళ మీద దూకుతుంటే టక్ టక్‌మని కాలికి తగులుతుంది. గేరు జారి న్యూట్రల్లో పడితే ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. నాలుగింటికీ బండి యజమాని చెప్పే మాట ఒకటే: "పికప్ లేదు." వేరు చేయాల్సింది మెకానిక్ చెవి.

నేను మరచిపోలేని పరీక్ష ఆ తర్వాత చేశాడు. బుల్లెట్ మీద కిక్ కొట్టినప్పుడు ఆ బలం గేర్‌బాక్సు నుంచి క్లచ్ మీదుగానే ఇంజన్‌కు పోతుంది. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ కాకుండా కిక్ రాడ్‌ను చేత్తో మెల్లగా కిందికి ఒత్తమన్నాడు. "అమ్మీటర్ ముల్లు చూడు సామీ" అన్నాడు. ఇంజన్ తిరిగితే పాయింట్లు తెరుచుకుని మూసుకుంటాయి, దానితోపాటు ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. కిక్ రాడ్ కిందికి దిగుతోంది. ముల్లు కదల్లేదు. కిక్ ర్యాచెట్ అరిగి ఉంటే కటకటమనే శబ్దం వచ్చి ఉండాలి. శబ్దం లేదు, వెన్నలో కత్తి దిగినట్టు మెత్తగా దిగింది. అంటే జారుతున్నది ప్లేట్ల మధ్యే. ఒక్క బోల్టు విప్పకుండా, ఒక్క పైసా ఖర్చు లేకుండా జబ్బు ఉన్న చోటు తేలిపోయింది. ఆ అమ్మీటర్‌ను నేను ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, అది క్లచ్ సంగతి చెప్పగలదని అప్పటిదాకా తోచలేదు.

అప్పుడు క్లచ్ లివర్ పట్టుకున్నాడు. లివర్‌కు, దాని పీటకు మధ్య కాస్త వదులు ఉండాలి, రెండు మూడు మిల్లీమీటర్లు. రెండు రూపాయి బిళ్ళలు దూరేంత అని ఆయన కొలత. నా బండికి అసలు వదులే లేదు. రెండోసారి ప్లేట్లు వేసినప్పుడు కేబుల్ లాగి బిగించేశారు. వదులు లేకపోతే మన చెయ్యి తీసినా కేబుల్ ఎంతో కొంత క్లచ్‌ను పట్టుకునే ఉంటుంది, స్ప్రింగుల అదుము పూర్తిగా ప్లేట్లకు చేరదు. కాగినాక ఇంకా బిగుస్తుంది. ఆయన వదులు పెట్టి, హ్యాండిల్ రెండు పక్కలకూ తిప్పి కేబుల్ ఎక్కడా లాగడం లేదని చూసి, గేర్‌బాక్సు పక్కన పుష్ రాడ్ దగ్గర కూడా సందు ఉందని రూఢి చేసుకుని, మళ్ళీ ఎక్కించి పంపాడు. సగం బాగుపడింది.

ఇక్కడ ఆగిపోయేవాళ్ళే ఎక్కువ. సగం బాగుపడిందంటే కారణాలు రెండున్నాయని అర్థం. ఒకటి పోయింది, రెండోది ఉంది. ఆయన ముఖంలో తొందర లేదు. బండి చల్లారనిచ్చి ఎడమపక్క చైన్ కేసు కింద గిన్నె పెట్టి నూనె దించాడు. రెండు వేళ్ళ మధ్య రుద్దాడు, వాసన చూశాడు.

"ఇది యాడ నూనె సామీ?"

అప్పుడు గుర్తొచ్చింది. ఎండాకాలం మొదట్లో మా అబ్బాయి తన కారుకు నూనె మార్చగా డబ్బాలో కొంత మిగిలింది. ఖరీదైన నూనె పారేయడమెందుకని బుల్లెట్ చైన్ కేసులో పోశాను. షెడ్డులో రెండుసార్లూ ప్లేట్లు మార్చి అదే డబ్బాలోది మళ్ళీ పోశారు, డబ్బా ఇచ్చింది నేనే. మూడో ప్రశ్నకు "ఏమీ చేయలేదు" అని చెప్పింది ఈ పని గురించే.

కార్లలో చాలావాటికి క్లచ్ పొడిగా ఉంటుంది, ఇంజన్ నూనె దాన్ని తాకదు. అందుకని పెట్రోలు ఆదా కోసం ఘర్షణను తగ్గించే మందులు కొన్ని కార్ల నూనెల్లో కలుపుతారు. పాత మోటారు సైకిళ్ళలో చాలావాటికి క్లచ్ నూనెలోనే మునిగి పనిచేస్తుంది. అక్కడ ఘర్షణ తగ్గిస్తే క్లచ్ చేసే పనినే తీసేసినట్టు. ఈ చిక్కు జపాన్ వాళ్ళకు ముందే తెలిసివచ్చింది. 1998లో మోటారు సైకిల్ నూనెలకు విడిగా ఒక ప్రమాణం పెట్టుకున్నారు. డబ్బా మీద 'జాసో ఎంఏ' అని ఉంటే తడి క్లచ్‌కు పనికొస్తుందని గుర్తు, 'ఎంబీ' అని ఉంటే తడి క్లచ్ లేని స్కూటర్లకు. మన దగ్గర అమ్మే మోటారు సైకిల్ నూనె డబ్బాల మీద కూడా ఈ అక్షరాలు చిన్నగా వెనకపక్క ఉంటాయి. వాటిని చదివి కొనేవాళ్ళను నేను చూడలేదు, నేనూ చదవలేదు. కార్ల ఊరు అయ్యాక మా చుట్టుపక్కల దుకాణాల్లో కార్ల నూనె డబ్బాలు ముందు వరసలోకి వచ్చాయి. నాలాగా మిగిలిన నూనె బండిలో పోసేవాళ్ళు తప్పకుండా ఉంటారు.

మేస్త్రీ ప్లేట్లు బయటికి తీశాడు. కొత్తవే, అరగలేదు, మొహాలు మాత్రం నున్నగా మెరుస్తున్నాయి. ఇనుప ప్లేట్లను అద్దం ముక్క మీద పెట్టి వంకర ఉందేమో చూశాడు, కాలి నీలం రంగు తిరిగిన మచ్చలున్నాయేమో చూశాడు. స్ప్రింగులన్నీ అదే అద్దం మీద వరసగా నిలబెట్టి, ఏదైనా కుదించుకుపోయిందేమో కంటితో సరిచూశాడు, తర్వాత వెర్నియర్‌తో కొలిచాడు. ప్లేట్లు పెట్రోలులో కడిగి, ఎండలో ఆరబెట్టి, ఉప్పుకాగితంతో పైపైన గరుకు చేశాడు. స్ప్రింగుల బిగింపును అసలు కొలతకు తగ్గించాడు. సరైన నూనె పోశాడు. సాయంత్రం సోమందేపల్లి మీదుగా ఇంటికి వస్తూ వంతెన ఎక్కాను. ఇంజన్ శబ్దమూ బండీ ఒకటిగా లేచాయి. ఆయన తీసుకున్న కూలి నేను అంతకుముందు పెట్టిన ఖర్చులో నాలుగో వంతు కూడా కాలేదు.

ఆ తర్వాత ఊరికే పోయి ఆయన దగ్గర కూర్చోవడం అలవాటైంది. అక్కడ విన్న ఇంకో సంగతి మీకు చెప్పాలి. మైసూరులో 1961 నుంచి 1996 దాకా ఐడియల్ జావా కంపెనీ ముందు జావా, తర్వాత యెజ్డీ పేర్లతో బండ్లు చేసింది. కన్నడ దేశం పక్కనే ఉన్నాం కాబట్టి హిందూపురం, మడకశిర వైపు అవి ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిలో గేరు వేసే కాలి కడ్డీయే కిక్ రాడ్‌గా కూడా పనిచేస్తుంది. ఇంకో విచిత్రం, గేరు కోసం కాలితో కడ్డీ కదిపితే క్లచ్ తనంతట తానే విడిపోతుంది, చేత్తో నొక్కకపోయినా సరే. ఒక కుర్రవాడి యెజ్డీ వాడు తోలితే జారుతుంది, మేస్త్రీ తోలితే జారదు. రెండు చోట్ల ప్లేట్లు మార్పించుకుని వచ్చాడట. మేస్త్రీ వాణ్ణి తోలమని వెనక కూర్చుని చూశాడు. వాడు బరువైన బూటు ఎప్పుడూ ఆ కడ్డీ మీదే ఆనించి ఉంచుతున్నాడు. కాలి బరువుకు క్లచ్ కొద్దికొద్దిగా విడిపోతూనే ఉంది. కాలు తీయమన్నాడు, జబ్బు పోయింది. ఆ బండి సంగతి తెలియనివాడు ఎన్ని ప్లేట్లు మార్చినా అది పోయేది కాదు.

ధర్మవరంలో పట్టుచీర నేసేవాళ్ళను చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. పడుగులో ఒక పోగు వదులైతే మగ్గం విప్పరు. అరచేత్తో పడుగు మీద ఒకసారి నిమిరి ఏ పోగో పట్టేస్తారు. ఆ చెయ్యి తయారు కావడానికి ఏళ్ళు పడుతుంది. అది తయారయ్యేది పక్కన ఇంకొక చెయ్యి ఉన్నప్పుడే. మా మేస్త్రీ పక్కన ఇప్పుడు ఎవరూ లేరు. ఇద్దరు కొడుకులూ వేరే పనుల్లో ఉన్నారు. షెడ్డులో ఆఖరి శిష్యుడు కర్మాగారంలో కాంట్రాక్టు పనికి పోయాడు. వాడిది మంచి నిర్ణయమే, నెల నెలా జీతం వస్తుంది. కాని పరుగెత్తే పట్టీ దగ్గర నిలబడి వచ్చిన ప్రతి కారుకూ అదే పని చేసేవాడికి జబ్బు వెతికే అవసరం ఎక్కడ పడుతుంది?

ఇక మీతో ప్రస్తావించదలచిన సంగతికి వస్తాను.

మన ఐటీఐ చదువు 1950లో కేంద్రం మొదలుపెట్టిన వృత్తి శిక్షణ పథకం నుంచి వచ్చింది. మోటారు వెహికల్ మెకానిక్ ట్రేడ్ రెండేళ్ళు. చెన్నైలోని జాతీయ బోధనా మాధ్యమ సంస్థ దానికి పుస్తకాలు తయారు చేస్తుంది. ఆ పుస్తకాల్లో క్లచ్ భాగాలున్నాయి, బొమ్మలున్నాయి, జారడానికి కారణాల పట్టిక కూడా ఉంటుంది. పట్టిక చదివి పరీక్ష రాయవచ్చు. పట్టికలో ఏది ముందు చూడాలి, ఏది ఖర్చు లేకుండా చూడవచ్చు, ఒకటి సరిచేసినాక సగమే బాగుపడితే తర్వాత ఎటు పోవాలి, ఇదంతా బండి ముందు నిలబడితేనే వస్తుంది. స్టాండు మీద కోసి రంగులు వేసి పెట్టిన ఇంజన్ నమూనా జబ్బు పడదు. అది చూసి భాగాల పేర్లు నేర్చుకోవచ్చు.

మా జిల్లా ఐటీఐలలో ఒక్కొక్కదానికి నడిచే పాత మోటారు సైకిల్ ఒకటి ఇప్పించండి. పొగతో, శబ్దంతో రోడ్డు మీదికి పోయి వచ్చేది కావాలి. దాని కోసం కొత్తగా డబ్బు అడగడం లేదు. పోలీసు స్టేషన్ల ఆవరణల్లో ఎవరూ తీసుకుపోని బండ్లు ఎండకూ వానకూ తుప్పు పడుతున్నాయి. ప్రభుత్వ శాఖలు పనికిరావని పక్కన పడేసినవి ఉన్నాయి. కలెక్టరు గారితో, ఎస్పీ గారితో మాట్లాడి చట్టప్రకారం వేలానికి వచ్చే వాటిలోంచి కొన్ని ఐటీఐలకు మళ్ళించవచ్చు. ఆ బండికి శిక్షకుడే ఒక జబ్బు పెట్టాలి. ఒక వారం కేబుల్ వదులు తీసేయాలి, ఒక వారం నీరసించిన స్ప్రింగులు వేయాలి, ఒక వారం తప్పు నూనె పోయాలి, ఒక వారం క్లచ్ బాగానే ఉంచి కార్బొరేటర్‌లో చెత్త పెట్టాలి. పిల్లవాడు స్పానర్ ముట్టుకోకముందే ఏది కారణమో, ఎందుకు అనుకుంటున్నాడో తన మాటల్లో కాగితం మీద రాయాలి. తర్వాత విప్పి చూడాలి. రాసింది తప్పయినా, ఆలోచించిన వరస సరైనదైతే సగం మార్కులివ్వండి. సరైన జవాబు అదాటున చెప్పినవాడికి అంత ఇవ్వకండి.

ఆ పని నేర్పడానికి మేస్త్రీలను పిలవండి. పెనుకొండలో, ధర్మవరంలో, హిందూపురంలో వాళ్ళున్నారు, అరవై డెబ్బై ఏళ్ళు పైబడినవారు. శిక్షకుడు కావాలంటే డిప్లొమానో ఐటీఐ సర్టిఫికెట్టో కావాలి, శిక్షక శిక్షణ సర్టిఫికెట్ కావాలి, వీళ్ళ దగ్గర రెండూ లేవు. నిబంధన మార్చమని అడగడం నా స్థాయి కాదు. పీరియడ్‌కు ఇంత అని పారితోషికం ఇచ్చి అతిథిగా పిలవడానికి మీకు వీలుంటుందనే అనుకుంటున్నాను. 2015లో వచ్చిన కేంద్ర నైపుణ్య పథకంలో, బడి బయట పని చేస్తూ నేర్చుకున్నవారికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ఉంది. మా మేస్త్రీకి ఆ సంగతి నేను చెప్పేదాకా తెలియదు. యాభై ఏళ్ళు దాటిన యంత్రానికి ప్రభుత్వం ప్రత్యేకమైన నంబరు ఇచ్చి గౌరవిస్తోంది. దాన్ని ఇన్నాళ్ళూ నడిపించిన చేతికి కూడా ఒక కాగితం దక్కాలి.

పుస్తకం గురించి ఒక మాట. తెలుగులో రాసేటప్పుడు షెడ్డు మాటల్లో రాయించండి. 'ఘర్షణా ఫలకము' అని రాస్తే హిందూపురం పిల్లవాడికి అర్థం కాదు. ప్లేట్ అంటే అర్థమవుతుంది. 'కాగినాక జారుతుంది' అన్న వాక్యంలో ఉన్న తేట 'ఉష్ణోగ్రత పెరిగినప్పుడు స్లిప్పేజ్ సంభవిస్తుంది' అన్నదానిలో లేదు. నేను బోధన చేసినంతకాలం రెండో రకం తెలుగులోనే పాఠాలు చెప్పాను, పిల్లలు బట్టీ పట్టారు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కరెంటు బండ్లు వస్తున్నాయి కదా, వాటిలో చాలావాటికి క్లచ్చే లేదు, పాత బుల్లెట్ మీద నేర్పి ఏం లాభమని మీ కార్యాలయంలో ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2020 ఏప్రిల్ నుంచి కొత్త మోటారు సైకిళ్ళలో లోపాలను తనంతట తాను నమోదు చేసుకునే ఏర్పాటు తప్పనిసరైంది. స్కానర్ తగిలిస్తే ఒక కోడ్ చూపిస్తుంది. ఆ కోడ్ ఏ సర్క్యూట్‌లో తేడా ఉందో చెబుతుంది, ఆ తేడా ఎందుకు వచ్చిందో చెప్పదు. సెన్సర్ పోయిందా, దానికి పోయే తీగ ఎలుక కొరికిందా, కనెక్టర్‌లో నీళ్ళు చేరాయా అన్నది మనిషే వెతకాలి. కోడ్ చూసి సెన్సర్ మార్చేవాడూ శబ్దం విని ప్లేట్లు మార్చేవాడూ చేస్తున్న తప్పు ఒకటే. కరెంటు బండి యజమాని కూడా వచ్చి "పికప్ లేదు సార్" అనే అంటాడు. అప్పుడు ఎదురుగా ఉన్న మెకానిక్ ఎప్పటినుంచి, ఎప్పుడు, దానికి ముందు ఏం చేశారు అని అడగాలి. ఆ అలవాటు నేర్పడానికి పాత మోటారు సైకిల్ కన్నా మంచి పలక నాకు కనబడటం లేదు. అందులో మూసి దాచినది తక్కువ. ప్రతి భాగాన్నీ చూడవచ్చు, వినవచ్చు, వాసన పట్టవచ్చు, వేళ్ళ మధ్య రుద్దవచ్చు.

దీంట్లో డబ్బు సంగతి కూడా ఉంది. పాలు పోసుకునేవాడికి, కూలికి పోయేవాడికి, సంతల్లో బట్టలమ్ముకునేవాడికి ఇరవై ఏళ్ళ నాటి బండే ఆధారం. తప్పు జబ్బు చెప్పి మార్చిన ఒక్కో జత ప్లేట్లు వాడి రెండు మూడు రోజుల కూలి. నాకు పెన్షన్ ఉంది కాబట్టి రెండు జతల నష్టం భరించాను. వాడు భరించలేడు. బండి అమ్ముకుంటాడు, లేదా జారే క్లచ్‌తోనే లారీల మధ్య జాతీయ రహదారి దాటుతాడు. ఎదురుగా బండి వస్తున్నప్పుడు ఎక్సిలేటర్ తిప్పితే ముందుకు పోని మోటారు సైకిల్ మీద ఉండటం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మీరు ఎప్పుడైనా మా జిల్లాకు తనిఖీకి వస్తే ఒక గంట హిందూపురానికి కేటాయించండి. మేస్త్రీ షెడ్డుకు నేను తోడు వస్తాను. నా బుల్లెట్ తెస్తాను, ఆయన దానికి ఏదో ఒక జబ్బు పెట్టి ఉంచుతాడు. మీ వెంట వచ్చే ఐటీఐ పిల్లల్లో ఒకణ్ణి పిలిచి, విప్పకుండా చెప్పమని అడగండి. వాడు చెప్పలేకపోతే ఆ పక్కనే స్టూలు మీద కూర్చున్న పెద్దాయన్ను అడగండి. ఆయన ఆరోగ్యం అంతంత మాత్రంగా ఉంది. ఈ విద్యా సంవత్సరంలోనే రమ్మని కోరుతున్నాను.

ఇట్లు,
మీ విధేయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
ఎర్రమంచి.